పచ్చ ఇంకు సంతకం

మా నాయన పలకలు చేసేవాడు. మార్కాపురం చుట్టుపక్కల పలకరాయి దొరుకుతుంది కాబట్టి మా వైపు చాలా ఇళ్లకు అప్పట్లో అదే బతుకుతెరువు. గనిలోంచి వచ్చిన బండను పొరలుగా చీల్చి, కొలతకు కోసి, నున్నగా రుద్ది, చెక్క చట్రం బిగిస్తే పలక తయారు. అమ్మ కూడా అక్కడికే కూలికి పోయేది. ఇద్దరూ కలిసి ఎన్ని వేల మంది పిల్లలకు పలకలు చేసి ఉంటారో లెక్క లేదు. నాయనకు సంతకం వరకు వచ్చు. అమ్మది వేలిముద్ర.

1994లో నేను పదో తరగతి. మా బజారులో పది పాసైన వాళ్లు ఉన్నారు, ఇంటర్ ఫెయిలైన వాళ్లూ ఉన్నారు. కాలేజీ ముగించి డిగ్రీ చేతపట్టుకున్న మనిషి మాత్రం మా చుట్టపక్కాల్లో లేడు. అందుకని మా ఇంట్లో చదువు మీద ఎంత గౌరవం ఉందో, దాని దారి గురించి అంత చీకటి. "బాగా చదువుకోరా" అని చెప్పడం అందరికీ వచ్చు. ఏం చదవాలో, దానికి అప్లికేషన్ ఎప్పుడు వేయాలో, ఎక్కడ వేయాలో చెప్పడానికి ఎవరూ లేరు. ఒక మామ ఐటీఐ అన్నాడు. ఇంకొకాయన మిలిటరీ అన్నాడు. కిరాణా కొట్టు శెట్టిగారు, "ఎంపీసీ తీసుకో, అది తీసుకున్నోళ్లు బాగుపడతన్నారు" అన్నాడు. ఎంపీసీ అంటే ఏందని మా నాయన అడిగితే, "అదేందో నాకూ తెల్వదు, మా బావమరిది కొడుకు తీసుకున్నాడు" అన్నాడాయన. పాపం, ఉన్నంతలో సరైన సలహా ఇచ్చింది ఆయనొక్కడే.

ఈ చీకట్లో మాకు దొరికిన మనిషి శాఖా గ్రంథాలయంలో పనిచేసే ఆయన. మేమంతా లైబ్రరీ సారు అనేవాళ్లం. బీడీ కంపు కొట్టే ఒకే ఒక్క గది, రెండు పొడుగాటి బల్లలు, నాలుగు బీరువాలు. పొద్దున పెద్దవాళ్లు పేపరు కోసం కొట్టుకునేవాళ్లు, సాయంత్రం మేము బొమ్మల పుస్తకాల కోసం. సారు మాత్రం అందరూ చదివి వదిలేసిన పేపర్లలోంచి నోటిఫికేషన్లు కత్తిరించి, ఒక పాత లెడ్జరులో అంటించేవాడు. రెసిడెన్షియల్ కాలేజీలు, పాలిటెక్నిక్, నర్సింగ్, పోస్టల్ ఉద్యోగాలు, ఏదైనా సరే. ఆఖరు తేదీ కింద ఎర్ర గీత. ఆ లెడ్జరు ఆయన ఉద్యోగంలో భాగం కాదు, ఆయనకు ఎవరూ చెప్పిందీ కాదు.

పదో తరగతి పరీక్షలకు ముందే మా హైస్కూలుకు వచ్చి, కాస్త బాగా చదివే పిల్లల పేర్లు మాస్టార్లను అడిగి రాసుకుని పోయాడు. తర్వాత ఒక్కొక్కరిని లైబ్రరీకి పిలిపించి ఏపీఆర్‌జేసీ ప్రవేశ పరీక్ష గురించి చెప్పాడు. నాగార్జునసాగర్ దగ్గర విజయపురి సౌత్‌లో ప్రభుత్వ రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ ఉందని, అందులో సీటొస్తే తిండీ బసా అక్కడేనని నేను మొదటిసారి విన్నది ఆ బల్ల దగ్గరే. మా ఊరికి అది మరీ దూరమేం కాదు, మాచర్ల మీదుగా పోవచ్చు. కానీ దాని పేరు మా ఇంటి దాకా రావడానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది. ఈ రెసిడెన్షియల్ చదువులు మన దగ్గర 1971లో, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలయ్యాయి. మరుసటి ఏడు తాడికొండ, కొడిగెనహళ్లి. ఇవన్నీ నాకు చాలా తర్వాత తెలిశాయి. అంటే నేను పుట్టకముందు నుంచీ నాబోటి వాళ్ల కోసం తలుపు తీసే ఉంది.

అప్లికేషన్ ఫీజుకు బ్యాంకులో డీడీ (డిమాండ్ డ్రాఫ్ట్) తీయాలి. నాయన అప్పటిదాకా బ్యాంకు గడప తొక్కలేదు. పనికి పోకుండా ఆ పూట మంచి చొక్కా వేసుకుని వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడవబోతే సారు వారించాడు. "ఇది గుడి కాదయ్యా, రా లోపలికి" అని. డీడీ ఫారం ఎలా నింపాలో నాకు ఒక్కసారి చూపించి, రెండోది నాతోనే నింపించాడు. ఆ రెండోది మా క్లాసులో ఇంకో కుర్రాడిది. ఆయన పద్ధతి అదే. మనకి చేసిపెట్టడు. మనం పక్కవాడికి చేసిపెట్టేలా చేస్తాడు.

ఇక కాగితాల సంగతి. ఆ తరం వాళ్లకు చెప్పక్కర్లేదు. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం మండలాఫీసులో. ఎమ్మార్వో ఉంటే ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) ఉండడు, ఆర్‌ఐ ఉంటే స్టాంపు ఉండదు. ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు బడిలో. వీటన్నిటికీ జిరాక్సులు, ఆ జిరాక్సుల మీద గెజిటెడ్ ఆఫీసరు అటెస్టేషన్. ఎండలో పడి పెద్ద పెద్ద ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లు చాలామంది. గెజిటెడ్ ఆఫీసరంటే కలెక్టరంత మనిషని మా భయం. లైబ్రరీ సారు నవ్వి, "పశువుల డాక్టరు కూడా గెజిటెడే, పోండి" అన్నాడు.

పశువుల ఆసుపత్రిలో ఇనుప చట్రంలో ఒక గేదెను నిలబెట్టి ఉన్నారు. డాక్టరుగారు సూది వేసి, సబ్బుతో చేతులు కడుక్కుని, తడి ఆరకముందే జేబులోంచి పచ్చ ఇంకు పెన్ను తీశాడు. ఒరిజినల్‌తో జిరాక్సును ఒక్కొక్కటీ పోల్చి చూసి సంతకాలు పెట్టాడు. ఒక్క పైసా అడగలేదు. "ఏం చదువుతావు?" అని మాత్రం అడిగాడు. ఎంపీసీ అన్నాను, దాని అర్థం అప్పటికి నాకు తెలిసింది కాబట్టి గట్టిగానే చెప్పాను. ఆ పచ్చ సంతకాలున్న జిరాక్సుల్లో ఒకటి ఇప్పటికీ నా ఫైల్లో ఉంది. ఇంకు వెలిసి గోధుమ రంగుకు తిరిగింది.

సారు ఒక మాట మాత్రం వదలకుండా చెప్పేవాడు. "ఒరిజినల్స్ ఎవడడిగినా చేతికి ఇవ్వబాకండి. చూపించి వెనక్కి తీసుకోండి." అప్పట్లో అది పెద్దాయన చాదస్తం అనిపించేది.

మా క్లాసులో లెక్కల్లో నాకంటే ముందుండే కుర్రాడు ఒకడున్నాడు. పేరు వద్దులెండి, ఇప్పుడు అందరూ మేస్త్రి అంటారు, నేనూ అలాగే అంటాను. వాడూ నాతోపాటే అప్లికేషన్ పెట్టాడు. నేను బ్యాంకులో ఫారం నింపింది వాడిదే. పరీక్షలైపోగానే వాళ్లింటిల్లిపాదీ హైదరాబాదుకు వలసపోయారు. మా పడమటి ప్రకాశంలో వానలు అంతంతమాత్రం, వేసవిలో పొలం పనులుండవు, కట్టడం పనులకు మనుషులు కావాలని మేస్త్రీలు వచ్చి అడ్వాన్సులిచ్చి తీసుకుపోయేవాళ్లు. హాల్ టికెట్ పోస్టులో వచ్చేసరికి వాళ్లింటికి తాళం. పోస్టుమ్యాన్ తలుపు కింద నుంచి లోపలికి తోసేసి పోయాడు. అది వాళ్లకు దొరికింది తొలకరికి తిరిగొచ్చినప్పుడు, పరీక్ష అయిపోయాక. తప్పు ఎవరిదని అడిగితే చెప్పలేం. పోస్టుమ్యాన్ తన పని చేశాడు, వాళ్ల నాయన ఇంటిల్లిపాది కడుపు చూసుకున్నాడు. అదే ఇంట్లో చదువుకున్న అన్నో అక్కో ఒకరుంటే, "హాల్ టికెట్ వచ్చేదాకా వీడిని నాయనమ్మ దగ్గర ఉంచుదాం" అని ఒక్క మాట అని ఉండేవాళ్లు. అంతే తేడా.

సాగర్‌లో రెండేళ్లు గడిచిపోయాయి. అక్కడి కష్టమంతా భాష దగ్గరే. పది దాకా త్వరణం, ద్రవ్యవేగం అని చదివినవాళ్లం, ఒక్కసారిగా ఇంగ్లీషు మీడియంలో పడ్డాం. రాత్రిపూట స్టడీ అవర్‌లో నలుగురం ఒక బల్ల దగ్గర చేరి, ఆ రోజు పాఠంలో అర్థం కాని మాటలన్నీ ఒక నోట్సులో ఎక్కించుకునేవాళ్లం. ఆర్నెల్లకు అది అవసరం లేకపోయింది. ఆ మొదటి ఆర్నెల్లలోనే ఇంటికి పారిపోయిన వాళ్లున్నారు. వాళ్లకు తెలివి తక్కువై కాదు.

1996లో ఎంసెట్. కౌన్సెలింగ్‌కు హైదరాబాదు పోయాం, నేనూ నాయనా. ర్యాంకుల వారీగా పిలుస్తుంటే లోపలికి వెళ్లి, మిగిలిన సీట్లలోంచి అక్కడికక్కడ తేల్చుకోవాలి. పక్కన కూర్చున్న పిల్లల నాన్నలు కాగితాల మీద కాలేజీల వరసలు రాసుకుని వచ్చారు. మా నాయన సంచిలో రొట్టెలు, ఊరగాయ తెచ్చాడు. సాగర్‌లో ఫిజిక్స్ చెప్పిన మేడమ్ ముందే నాకొక చీటీ రాసిచ్చింది. ఏ కాలేజీ ఉంటే ఏది తీసుకోవాలో, వరసగా. ఆ చీటీ లేకపోతే బయట కరపత్రాలు పంచుతున్న వాళ్ల మాట వినేవాడినేమో. ఆ వరసలో ఉన్న కాకినాడ జేఎన్‌టీయూ కాలేజీలో సీటొచ్చింది.

అప్పట్లో ఫ్రీ సీటు, పేమెంట్ సీటు అని రెండు మాటలు ఉండేవి. 1993లో సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ కేసులో ఇచ్చిన తీర్పు తర్వాత ప్రైవేటు కాలేజీల్లో సగం సీట్లు ఫ్రీ, సగం పేమెంట్. ఆ మాట జనంలో పడి ఎంసెట్‌లో మంచి ర్యాంకొస్తే అంతా ఫ్రీ అనే అర్థం వచ్చేసింది. మా నాయనా అదే నమ్మాడు. కాకినాడలో ఫీజు తక్కువే గానీ, హాస్టల్ డిపాజిట్, మెస్ అడ్వాన్సు, లైబ్రరీ డిపాజిట్, వర్క్‌షాప్‌కు ఖాకీ బట్టలు, డ్రాయింగ్ బోర్డు, డ్రాఫ్టర్, క్యాలిక్యులేటర్ అని కౌంటర్ దగ్గర ఒక్కొక్కటీ బయటపడుతుంటే ఆయన ముఖం చూడలేకపోయాను. "ఫ్రీ సీటన్నారు గదా సామీ" అన్నాడు క్లర్కుతో. క్లర్కు కసురుకోలేదు. ఇవాళ ఏది కట్టక తప్పదో, ఏది నెల తర్వాత కట్టొచ్చో వేరు చేసి చెప్పాడు. నాయన అడ్వాన్సు తెచ్చుకున్న డబ్బు మొదటి రకానికి సరిపోయింది.

ప్రభుత్వ స్కాలర్‌షిప్ మంజూరయింది. కాకపోతే ఆ డబ్బు చేతికి వచ్చేసరికి సంవత్సరం చివరికొస్తుంది, మెస్ బిల్లు మాత్రం నెలనెలా వస్తుంది. పేదపిల్లల కాలేజీ చదువు తెగిపోయేది ఎక్కువగా ఈ సందులోనే అని నా అభిప్రాయం. ఫీజు కట్టలేక మానేశారని బయట అనుకుంటారు. అసలు సంగతి అక్టోబరు మెస్ బిల్లు. నా వరకు ఆ సందును పూడ్చింది అమ్మ వేసుకున్న చీటీ పాట డబ్బు, కనిగిరి వైపు నుంచి వచ్చిన ఒక సీనియర్ అన్న. ఆయన తన డ్రాఫ్టర్, డ్రాయింగ్ బోర్డు నాకిచ్చి, "అమ్ముకోబాకు, పైయేడు మన వైపు నుంచి ఎవడొస్తే వాడికియ్" అన్నాడు. పై ఏడు దర్శి నుంచి ఒకడొచ్చాడు, ఇచ్చాను. అది ఎన్ని చేతులు మారి ఎక్కడ ఆగిందో.

ఉద్యోగం చెన్నైలో. అక్కడ ఒకసారి మా ఆఫీసులో పనిచేసే ఆవిడ తన కొడుకు ఇంజినీరింగ్ అడ్మిషన్ కాగితాలు చూపిస్తుంటే అందులో 'ఫస్ట్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్' కనిపించింది. ఇంట్లో అంతకుముందు డిగ్రీ చేసినవాళ్లు లేరని రెవెన్యూ వాళ్లిచ్చే పత్రం అది. 2010 నుంచి తమిళనాడులో అలాంటి పిల్లలకు కౌన్సెలింగ్‌లో సీటొస్తే ట్యూషన్ ఫీజు మినహాయింపు ఉంది. నేను ఆ కాగితాన్ని కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను. మన దగ్గర కులం, ఆదాయం లెక్కలో ఉన్నాయి, 2008 ప్రాంతం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చి లక్షల మందిని ఇంజినీరింగ్ దాకా నడిపించింది, అది చిన్న విషయం కాదు. కానీ ఇంట్లో అడగడానికి ఎవరూ లేకపోవడం అనేది ఒక లోటుగా ఏ ఫారంలోనూ గడి లేదు. కాస్త దగ్గరగా వచ్చిందంటే ట్రిపుల్ ఐటీలే. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో పెట్టిన ఆర్‌జీయూకేటీ యూనివర్సిటీ క్యాంపస్‌ల్లో ప్రవేశం పదో తరగతి మార్కుల మీదే. పదిలో మార్కుల బదులు జీపీఏ, అంటే గ్రేడ్ పాయింట్లు ఇచ్చిన కాలంలో సర్కారు బడిలో చదివిన పిల్లలకు 0.4 పాయింట్లు కలిపేవాళ్లు. ఆ నాలుగు పదోవంతులతో సీటు దక్కిన పిల్లలు మా మండలంలోనే ఉన్నారు.

వేసవిలో ఊరికి వెళ్లినప్పుడు పిల్లలు వచ్చి కూర్చోవడం అలా మొదలైంది. నేను పిలిచింది లేదు. మా అమ్మే ప్రచారం చేసింది. లైబ్రరీ సారు అప్పటికి బదిలీ మీద వెళ్లిపోయాడు, ఆ లెడ్జరు ఏమైందో తెలియదు. ఇప్పుడు నోటిఫికేషన్లు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి కదా, ఇంకేం సమస్య అని నేనూ అనుకున్నాను. కూర్చున్నాక తెలిసింది, ఇప్పుడు సమస్య సమాచారం ఎక్కువై. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) ర్యాంకు రాగానే కాలేజీల పీఆర్వోలు కార్లేసుకుని ఊళ్లలోకి దిగుతారు. బస్సు ఫ్రీ, హాస్టల్‌లో తగ్గింపు, ఉద్యోగం గ్యారంటీ. "ఒరిజినల్స్ ఇవ్వండి, వెరిఫికేషన్ మేమే చేయిస్తాం, ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌లో కాలేజీల ఆప్షన్లు మేమే పెడతాం." ఇచ్చారా, అంతే. పాస్‌వర్డు వాళ్లది, వరస వాళ్లది, మొదటి నాలుగు ఆప్షన్లూ వాళ్ల కాలేజీవే. ఒక ఇంట్లో అలా పోయిన సర్టిఫికెట్లు వెనక్కి తేవడానికి నేనూ వెళ్లాను. కాలేజీ పేరు చెప్పను. మేడ మీద మేడ, అద్దాల రిసెప్షన్, చల్లటి గది, సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. లైబ్రరీ సారు చాదస్తం అప్పుడు గుర్తొచ్చింది.

ఇంకో సంగతి, ఈ మోటివేషన్ క్లాసులంటే నాకు చిరాకు. మైకు పట్టుకుని కలలు కనండి అంటారు. మా పిల్లలకు కలలకేం కొదవ? రాత్రంతా కంటారు. వాళ్లకు కావాల్సింది వెబ్ ఆప్షన్లలో పది పెట్టి ఆగిపోకూడదని, ఇష్టమైన వరసలో వీలైనన్ని పెట్టుకుంటే నష్టమేమీ లేదని చెప్పే మనిషి. ఆదాయ ధ్రువపత్రం ర్యాంకు వచ్చాక కాదు, ముందే మీసేవలో పెట్టుకోవాలని చెప్పే మనిషి. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు అయిందో లేదో ఒక్కసారి వెళ్లి కనుక్కోమనే మనిషి. అప్పుడు ఎవరి కలలు వాళ్లు చూసుకుంటారు.

2018లో మేస్త్రి కూతురు పది పాసైంది. వాడు ఆ వలసలోనే పని నేర్చుకుని, హైదరాబాదులో పేరున్న తాపీ మేస్త్రీ అయ్యాడు. కూతురిని చిన్న తరగతుల్లో అక్కడే చదివించి, ఏడో తరగతికి ఊళ్లో తన తల్లి దగ్గర వదిలాడు. నేను పాప స్టడీ సర్టిఫికెట్లు ముందేసుకుని లెక్క చూశాను. ట్రిపుల్ ఐటీ సీటుకు లోకల్ కోటా కిందకు రావాలంటే అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు వరసగా ఈ ప్రాంతంలో చదివి ఉండాలి. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. సరిగ్గా సరిపోయాయి. ఒక్క ఏడాది ఆలస్యంగా తెచ్చి ఉంటే ఈ నాలుగేళ్ల లెక్క తప్పేది. "ఇది తెలిసే ఏడో క్లాసుకు తెచ్చావా?" అంటే, "ఏం తెలుసు నా బొంద, హైదరాబాదులో బడి ఫీజు కట్టలేక తెచ్చా" అన్నాడు.

నూజివీడులో సీటొచ్చింది. పాప ఎగిరి గంతేసింది. వాళ్లమ్మ ఏడ్చింది. ఆడపిల్లను ఆరేళ్లు అంత దూరం పంపడమా అని చుట్టాల గొడవ. మేస్త్రి మాత్రం పంచాయితీ మా ఇంటి అరుగు మీదకు తెచ్చాడు. రెండేళ్లు పీయూసీ (ఇంటర్ లాంటిదే), నాలుగేళ్లు బీటెక్ అని చెప్పాను. ఖర్చు ఎంతవుతుందో కాగితం మీద రాసిచ్చాను, ఫీజు కాకుండా పండక్కి వచ్చిపోయే చార్జీలతో సహా. వాళ్ల ఇంజినీర్లతో రోజూ పోట్లాడే మనిషి, అంకెలు బాగానే పట్టాడు. చివరికి అడిగాడు.

"ఆరేళ్ల తర్వాత ఉద్యోగం గ్యారంటీనా?"

కాదన్నాను. క్యాంపస్‌లో కంపెనీలు రావొచ్చు, రాకపోవచ్చు. గేట్ రాయొచ్చు, ప్రభుత్వ ఉద్యోగాలకు పోవచ్చు. ఆ పిల్ల ఎలా చదువుతుందో, అప్పటికి లోకం ఎలా ఉంటుందో నేను చెప్పలేనన్నాను.

మేస్త్రి కాసేపు ఆలోచించి, "గ్యారంటీ అని ఉంటే పంపేవాణ్ణి కాదురా. నిన్నటిదాకా వచ్చినోళ్లందరూ అదే మాట చెప్పిపోయారు" అన్నాడు. తర్వాత ఫోన్ తీసి, నూజివీడుకు పొద్దున బస్సు మేలా రాత్రి బస్సు మేలా, పరుపు ఇక్కడి నుంచి మోసుకుపోవాలా అక్కడే కొనుక్కోవాలా అని అడగడం మొదలుపెట్టాడు.